మేస్త్రి లేని వలస

జర్మనీలో ఒక సెమిస్టర్ చదివే స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్‌కి ఈ రోజు గద్వాల నెట్ సెంటర్ నుంచి దరఖాస్తు పంపాను. మా కాలేజీ నుంచి నేనొక్కదాన్నే. తిరిగొస్తుంటే ఇటిక్యాల ఆటోలో మా వాడ దేవమ్మ పెద్దమ్మ పక్కన కూర్చుంది. ఏటా గుంపుమేస్త్రి వెంట పదిమందితో పుణె కూలిపనులకు పోయే మనిషి. ఆమెకు సంగతి చెప్పాను.

"గుంపుల ఎంతమంది పోతుండ్రు బిడ్డా?"

"నేనొక్కదాన్నే పెద్దమ్మా."

"మేస్త్రి గూడ లేడా? మరి జొరమొస్తే గంజి ఎవరు కాస్తరు?"

దరఖాస్తులో ఎన్ని అడిగినా ఇంగ్లిషులో చకచకా రాసేశాను. ఈ ప్రశ్న మాత్రం అందులో లేదు. ఆటో దిగేదాకా పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఒంటరిగా అంతదూరం వెళ్లినవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. మీకు గంజి ఎవరు కాశారు?