పంటి కింది సీసం

నా నోరు మంచిది కాదు. అంతర్వేదిలో మా వీధి వీధంతా ఆ మాట చెబుతుంది. ఆ నోటితోనే రెండు నెలలు మా నాన్నని సాధించాను.

నాన్న కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. ముందు అన్నం ముద్ద జారింది, తరవాత వల అల్లే దారం జారింది. వేళ్ళు ముడుస్తాడు గాని చెయ్యి పైకి ఎత్తలేడు. కడుపులో మెలిపెడుతోందంటే అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చేది. నిన్న చెప్పింది ఇవాళ మరిచిపోయేవాడు, గుర్తు చేస్తే కసురుకునేవాడు. అంతకుముందు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి.

"పని ఎగ్గొట్టడానికి ఈ వేషాలెందుకు నాన్నా? చెయ్యనని చెప్పెయ్యి" అన్నాను ఒకరోజు, కంచం ముందు కూర్చున్నవాణ్ణి. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరికి అమలాపురంలో నరాల డాక్టరు గారికి చూపించాను. ఆయన నాన్న చేతిని అటూ ఇటూ తిప్పి, పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశారు. పళ్ళ మొదట్లో నీలంగా ఓ గీత ఉంది. రోజూ నా ఎదురుగా కూర్చుని తినే మనిషి, నేను ఒక్కనాడూ చూడలేదు.

"బ్యాటరీల షాపులో పనా? పెయింటు పనా?" అని అడిగారు.

నాకు పౌరుషం వచ్చింది. "అబ్బే, అలాంటివేం లేవండీ. మాది వలల పనండీ. విసురు వల నీళ్ళలో మునగడానికి అంచుకి గుళ్ళు కట్టడంలో మా నాన్న తరవాతేనండీ ఎవరైనా."

"గుళ్ళు దేంతో చేస్తారమ్మా?"

"సీసంతోనండీ. వంటింటి వెనకాల మేమే కరిగించి పోస్తాం."

"వలకి ఎలా బిగిస్తారు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. రెండు చేతులూ వల అంచుని సాగదీసి పట్టుకుంటే, గుండుని నొక్కేది పన్నే కదా. పట్టకారు పెడితే దారం నలుగుతుందని మావాళ్ళు ఒప్పుకోరు. నాన్న పంటి కింద పడ్డ గుండు మళ్ళీ ఊడదని ఊళ్ళో పేరు. నా చున్నీ అంచు సాగదీసి పట్టుకుని, మధ్యలో పళ్ళతో నొక్కి చూపించాను. "ఇలాగండీ."

డాక్టరు గారు రాయడం ఆపేశారు.

"సీసం విషమమ్మా. రోజూ కాస్త కాస్త లోపలికి పోయి నరాలు దెబ్బతిన్నాయి. రక్త పరీక్ష చేయిద్దాం. ఆ పని మాత్రం ఇవాళే మానెయ్యాలి. చెయ్యి ఎంతవరకు లేస్తుందో ఇప్పుడే చెప్పలేను."

నాన్న ఆ సీసాన్ని ముప్పై ఏళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. ఆ చేతుల్తోనే అన్నం కలుపుకున్నాడు. ఇదే పని చేసిన మా తాత చేతులు వణుకుతుంటే ముసలితనం అనుకుని ఊరుకున్నాం. ఏ పంటిని చూసి ఇన్నాళ్ళూ మురిసిపోయామో అదే ఇంత పని చేసింది.

"అది సరే. నువ్వెన్నాళ్ళ నుంచి చేస్తున్నావు?" అన్నారు డాక్టరు గారు.

ఊరంతా భయపడే నా నోట్లో నాలుక నా చిగుళ్ళనే తడుముకుంది.

"ఏదీ, చేతులు చాపు."

చాపాను. వాలిపోలేదు గాని వణుకుతున్నాయి. అది సీసం వల్లో భయం వల్లో తెలియలేదు. నాన్న తన చెయ్యి సంగతి అడగలేదు. నా చేతులకేసే చూస్తూ, "దీనికి నేర్పింది నేనేనండీ, ఎనిమిదేళ్ళప్పుడు" అన్నాడు.