పన్నెండు కోర్లు, నలభై రెండు గడపలు

రెబెకా గారి ఆఫీసు మా జిరాక్సు షాపు పైన, మేడ మీద గదిలో ఉంటుంది. ఆవిడ ఇళ్ళ ప్లాన్లు గీస్తారు. గీసినవాటిని పెద్ద కాగితాల మీద అచ్చు తీసేది నేను. అమలాపురం చుట్టుపక్కల ఈ పదమూడేళ్ళలో లేచిన ఇళ్ళు చాలావాటిని పునాది పడకముందే చూశాను. ఎవరింట్లో మెట్లు ఎటు తిరుగుతాయో, వాస్తు పేరు చెప్పి వంటిల్లు ఎన్నిసార్లు జరిగిందో నాకూ తెలిసేది.

ఆరేళ్ళ కిందట ఒకరోజు ఆవిడ పంపిన ఫైలు తెరిస్తే ప్లాను లేదు, బొమ్మ ఉంది. తాటాకు కప్పు, ముందు మట్టి అరుగు, పక్కన బోర్లించిన నాటు పడవ, వెనక నీళ్ళు. ఫొటో అనుకున్నాను. పైకి వెళ్ళి అడిగాను.

“ఇది ఏ పార్టీదండీ?”

“పార్టీ ఎవరూ లేరండి ప్రసాదు గారూ. మా ఊరిది. కంప్యూటర్లో కడుతున్నాను,” అన్నారు.

ఆ ఊరు పేరు నేరేడులంక. వశిష్ఠ గోదావరి మధ్యలో ఉండేదట. నలభై రెండు ఇళ్ళు, ఒక చిన్న చర్చి, కొబ్బరి చెట్లు, అరటి, కూరగాయల మళ్ళు. వరద పొంగుతున్నప్పుడు ఏమీ అయ్యేది కాదు. నీళ్ళు తీసేటప్పుడు తడిసిన ఒడ్డు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి ఏట్లో పడేది. ముందు మళ్ళు పోయాయి, తరువాత కొబ్బరి చెట్లు, ఒక ఏడు చర్చి. రెబెకా గారిని తొమ్మిదో ఏట హాస్టల్లో వేశారు. సెలవులకి వెళ్ళిన ప్రతిసారీ ఊరు కాస్త సన్నబడి కనిపించేదట. ఆవిడ ఉద్యోగంలో చేరిన ఏడు ఆఖరి గడప కూడా పోయింది. సర్కారు వాళ్ళు రాజోలు వైపు కాలనీలో స్థలాలిచ్చారు. ఇప్పుడక్కడ నీళ్ళే. పడవ వాళ్ళు ఆ చోటికి వచ్చినప్పుడు “ఇక్కడ లోతు” అని మాత్రం అనుకుంటారు.

ఆ ఊరి ఫొటోలు రెండే మిగిలాయి. ఒకటి ఎవరిదో బాప్తిస్మం నాటిది, ఒకటి చర్చి ముందు తీసింది. మిగతాదంతా ఎలీసమ్మ గారి తలలో ఉంది. ఎలీసమ్మ గారు రెబెకా గారి మేనత్త. ఎనభై దాటాయి. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే కాపరం చేసిన మనిషి. అందరిళ్ళలో పురుళ్ళకీ చావులకీ ముందుండేవారు. ఏ ఇంటి అరుగు ఎన్ని మూరలో, ఎవరి గుమ్మం నుంచి నుయ్యి ఎన్ని బారలో అడిగిన వెంటనే చెప్పేవారు.

గీసిన గీతలకి గోడలు తొడిగి, ఎండా నీడా పెట్టి, ఫొటోలా తేల్చడాన్ని రెండరింగు అంటారు. రెబెకా గారి పాత కంప్యూటర్లో ఒక్క బొమ్మ తేలాలంటే పొద్దున్న పెడితే పొద్దు గూకేది. అంతసేపూ ప్లాన్ల పని ఆగిపోయేది. అందుకని వారానికి ఒకటే బొమ్మ. ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గర తీసిన కాగితం పట్టుకుని రాజోలు బస్సు ఎక్కేవారు. అత్త చూసి తప్పులు చెప్పేవారు. ఆ తప్పు దిద్దిన బొమ్మ మళ్ళీ పై ఆదివారమే. అలా ఆరేళ్ళలో పదకొండు ఇళ్ళు లేచాయి.

“కొత్త కంప్యూటరు కొనుక్కోవచ్చు కదండీ,” అని నేను ఒకటి రెండుసార్లు అన్నాను.

“కొంటానండి. తొందరేముంది?” అనేవారు.

పోయినేడు వేసవిలో తొందర వచ్చింది. ఒక ఆదివారం ఎలీసమ్మ గారు కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూస్తున్నారట. కాగితం అటూ ఇటూ జరుపుతున్నారు. “ఏంటత్తా?” అంటే, “నడిమి కనపడతంది గానీ పక్కలు లేవే,” అన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే నీటికాసులన్నారు. చూపు అంచుల నుంచి పోతూ వస్తుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని మందులతో కొన్నాళ్ళు నిలబెట్టవచ్చు.

సోమవారం పొద్దున్నే రెబెకా గారు మా షాపు ముందు నిలబడ్డారు.

“ప్రసాదు గారూ, ఇంకా ముప్ఫై ఒక్క ఇళ్ళున్నాయండి. నాతో ఒకసారి కంప్యూటర్ల షాపుకి వస్తారా?”

నల్లవంతెన దగ్గర మోహన్ అనే అతని షాపుకి వెళ్ళాం. నిదానస్తుడు. ఏ పనికి కావాలో అడిగి, మూడు ప్రాసెసర్ల పెట్టెలు బల్ల మీద పెట్టాడు.

“ఇది ఇరవై నాలుగు కోర్లండి. అందరూ ఇదే అడుగుతున్నారు. అయితే ఇందులో పెద్దవి ఎనిమిదే, పదహారు చిన్నవి. ఇది పదహారు, అన్నీ ఒకటే బలం. ఇది పన్నెండు.”

“కోరు అంటే ఒక కూలీ అనుకోవచ్చాండి?” అని అడిగాను నేను. ఆ మాటకి రెబెకా గారు చిన్నగా నవ్వారు.

“ఆయ్, అలాగే అనుకోండి. ఎక్కువ మంది ఉంటే పని ముందవుతాది. కానీ అన్ని పనులకీ కాదు.”

“ఊడుపులకైతే మడి పంచుకుని ఎంతమందైనా దిగొచ్చండి,” అన్నారు రెబెకా గారు. “కొబ్బరి చెట్టుకి ఒక్కడే ఎక్కాలి. కింద ఇరవై మంది నిలబడినా కాయ దిగదు.”

“మీకు రెండు పనులూ ఉన్నాయండి మేడం గారూ. బొమ్మ తేల్చడం ఊడుపుల్లాంటిది, కోర్లన్నీ దిగుతాయి. గోడ జరపడం, గుమ్మం మార్చడం ఇవన్నీ చెట్టెక్కే పని. అక్కడ ఒక్క కోరు ఎంత చురుగ్గా ఉందో అదే లెక్క. మిగతావి చూస్తూ కూర్చుంటాయి.”

రెబెకా గారు సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీశారు. పెట్టెల మీద అంకెలు చూసి ఆవిడ కొనరు. గోడ ఎంత మందమో కాగితం మీద రాసున్నా వెళ్ళి టేపు పెట్టి కొలిచే మనిషి.

“ఇందులో మా చర్చి ఉందండి. ఈ మూడు రకాలూ బిగించిన మిషన్లు మీ దగ్గర ఉంటే ఒక్కొక్కదాంట్లో పెట్టి చూడనిస్తారా?”

మోహన్ ఒప్పుకున్నాడు. ఆ పూటంతా అక్కడే కూర్చున్నాం. తెర మీద చర్చి గడులు గడులుగా తేలుతోంది. ముందు పైన సిలువ వచ్చింది, తరువాత సున్నం గోడ, తరువాత మెట్లు. ఆఫీసులో పది గంటలు పట్టే బొమ్మ అది. రెబెకా గారు గడియారం చూసుకుంటూ చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. మొదటి మిషను పదకొండు నిమిషాల్లో తేల్చింది. రెండోది పది. మూడోది, పన్నెండు కోర్లది, పదిహేను.

నేనైతే రెండోదే అనేవాణ్ణి. ఆవిడ మాత్రం మళ్ళీ పెట్టమన్నారు, ఈసారి ఏసీ ఆపి.

మోహన్ ఆశ్చర్యపోయి చూశాడు.

“మా అత్త ఉండేది రేకుల ఇల్లండి. ఈ మిషను తన దగ్గరికే పట్టుకెళ్ళాలి. అక్కడ ఫ్యానొకటే.”

రెండోసారికి షాపులో ఉక్క పోసింది. ఇరవై నాలుగు కోర్లది వేడెక్కి నెమ్మదించింది, పదిహేడు నిమిషాలు తీసుకుంది. పదహారుది పదమూడు. పన్నెండుది అప్పుడూ పదిహేనే. పైగా కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీద కాసేపు నిలబడేది అదొక్కటేనని మోహన్ చెప్పాడు. గోడలు జరిపే పనిలో మూడిటికీ తేడా తెలియలేదు.

“పన్నెండుదే ఇవ్వండి,” అన్నారు రెబెకా గారు.

“ఏసీలో అయితే మూడింట్లో ఇదే నెమ్మదండి. తరువాత నన్ను అనకూడదు.”

“అననండి. ఉక్క పోసినా, కరెంటు పోయినా నాకు రెండోసారీ మూడోసారీ కూడా అదే పదిహేను కావాలి.”

ఆ ఆదివారం మిషన్నీ తెరనీ నా వ్యాన్లో పెట్టి కాలనీకి తీసుకెళ్ళాను. రేకుల ఇంటి ముందు గదిలో బల్ల మీద బిగించారు. ఎలీసమ్మ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. సన్నటి మనిషి, తెల్లచీర, మెడ నిటారుగా పెట్టి చూస్తారు.

“అన్నీ నడిమికి తేవే,” అన్నారు.

రెబెకా గారు మౌసు తిప్పి ఒక్కొక్క ఇంటినీ తెర మధ్యకి తెచ్చి ఆపేవారు. ఊరు మొత్తం ఒకేసారి చూడటం ఆ కళ్ళకి కుదరదు. వీధిలో నడుస్తున్నట్టు ఒక్కొక్క గడపే.

“ఇది పేతురు బావ ఇల్లు కదా. గుమ్మం ఏటివైపు పెట్టేవేంటి? ఏటి గాలికి దీపం నిలబడట్లేదని ఆయన ఇటు పెట్టుకున్నాడు.”

రెబెకా గారు గుమ్మం తీసి ఇటు పెట్టారు. పదిహేను నిమిషాలు, ఒక టీ. బొమ్మ తేలింది. ఎలీసమ్మ గారు ముందుకి వంగి చూశారు.

“ఆఁ. ఇప్పుడు పేతురు బావ ఇల్లయ్యింది.”

ఇదివరకు ఈ ఒక్క ముక్కకి వారం పట్టేది. ఆ రోజు సాయంత్రం లోపల నాలుగు ఇళ్ళ తప్పులు దిద్దారు.  తిరిగి వస్తుంటే, రాజోలు దాటాక, వ్యాన్లో రెబెకా గారు అన్నారు, “ఇది ఆరేళ్ళ కిందటే కొనాల్సిందండి. అప్పుడు అత్త కళ్ళు బావున్నాయి.”

తరువాతి ఆదివారాలు నేనూ వెళ్తూ ఉండేవాణ్ణి. కాలనీలో సంగతి పాకింది. గుమ్మంలో నలుగురు నిలబడేవారు. మా నాన్న పాక పక్కన జామచెట్టు ఉండేదని ఒకరు, నుయ్యి గట్టు మీద మూడు రాళ్ళే అని ఒకరు. తేడా వస్తే తీర్పు ఎలీసమ్మ గారిదే. ముప్ఫై ఇళ్ళు అలా లేచాయి. ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం నాటికి ఒక్క ఇల్లు మిగిలింది. అది రెబెకా గారి సొంత ఇల్లు.

దాన్ని ఆఖరికి ఎందుకు ఉంచారో నేను అడగలేదు. ఆ రోజు ఆవిడే, “అత్తా, ఇంక మా ఇల్లు చెప్పు,” అన్నారు.

ఎలీసమ్మ గారు వెంటనే మొదలుపెట్టారు. అరుగు నాలుగు మూరలు. తలుపుకి నీలం రంగు. గొళ్ళెం వంకర, ఎత్తి తోస్తేగానీ పడదు. చూరుకి ఎడమవైపు కోళ్ళ గూడు.

“మరి లోపల?”

 

“లోపల నాకు తెలీదమ్మా.”

“అదేంటత్తా, నలభై ఒక్క ఇళ్ళూ చెప్పేవు.”

“మీ అమ్మతో నాకు పదకొండేళ్ళు మాటల్లేవు. నీకు తెలీదులే, హాస్టల్లో ఉన్నావు. శనివారం శనివారం చర్చి ఊడ్చేది నేను. ఓ రోజు అందరి ముందూ, పాస్టరు అయ్యగారి ముందూ, ‘ఎలీసమ్మ మూలలు వదిలేస్తాది’ అంది కరుణమ్మ వదిన. అంతే. మళ్ళీ మీ గడప తొక్కలేదు. అంతకు ముందున్నది వేరే పాక, అది వరదకి పడిపోయింది. కొత్తది కట్టుకున్నాక నేను లోపలికెళ్ళలేదు.”

“అమ్మ పిలవలేదా?”

“రెండు మూడుసార్లు పిలిచింది. గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయేదాన్ని. వదిన పోయినప్పుడు నీళ్ళు పోసింది నేనే. కానీ అప్పటికి ఈ కాలనీకి వచ్చేశాం.” ఆవిడ చీర చెంగు చేత్తో నలుపుతూ, “నిజంగానే మూలలు వదిలేసేదాన్ని,” అన్నారు.

రెబెకా గారి తండ్రి అంతకు ముందే పోయారు. తోబుట్టువులు లేరు. ఆ ఇంటి లోపలి సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నప్పుడు సెలవుల్లో నాలుగేసి రోజులు ఉండిపోవడమే కాబట్టి రెబెకా గారికీ సరిగ్గా గుర్తులేదు. వారం పాటు పైన ఆఫీసులో ఆవిడ ఆ ఒక్క గదితో కూర్చున్నారు. ఒకసారి కాగితాలివ్వడానికి వెళ్తే అన్నారు:

“కిటికీ నా గడ్డం ఎత్తులో ఉండేదండి. ఏరు కనపడేది. అంటే నేలకి ఎన్ని అడుగులు? ఆ కొత్త ఇంటికి మొదటిసారి సెలవులకి వచ్చినప్పుడు నేనెంత ఎత్తున్నానో ఎవర్నడగను?”

అంచనాగా పెట్టేయమన్నాను. ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషికి ఆ మాట రుచించలేదు. ఆ వారం కొత్త మిషను మీద గోడ ఇలా జరిపితే ఇలా జరిగిపోతోంది. ఎక్కడ ఆపాలో మాత్రం ఆవిడకి తెలియడం లేదు.

ఈస్టరు తరువాతి ఆదివారం మళ్ళీ కాలనీకి వెళ్ళాం. రెబెకా గారు ఊరి మొదటి నుంచి నడిపించారు. రేవు, నుయ్యి, పేతురు గారి ఇల్లు, చర్చి. నీలం తలుపు దగ్గర ఆగారు. అప్పటికి ఎలీసమ్మ గారికి తెర మధ్యలో అరచేయంత మేర మాత్రమే కనపడుతోంది.

“తలుపు తియ్యి,” అన్నారు ఆవిడ.

“లోపల ఏమీ లేదత్తా. నాకు గుర్తున్నదే పెట్టేను.”

“తియ్యవే.”

తలుపు తెరుచుకుంది. అలికిన మట్టినేల, నాలుగు గోడలు, ఒక కిటికీ. కిటికీలోంచి వెలుగు నేల మీద పడుతోంది. ఇంకేమీ లేదు. బయట ఇళ్ళలో చాటలు, కుండలు, చెప్పులతో సహా పెట్టిన మనిషి ఇక్కడ ఊహించి ఒక్క సామాను కూడా పెట్టలేదు.

“పొయ్యి ఎటుండేది?”

“తెలీదత్తా. పొద్దున్నే పొగ ఆ మూల నుంచి వచ్చేదని గుర్తు.”

“అయితే ఆ మూలే. పెట్టు.”

పెట్టారు. ఎలీసమ్మ గారు చాలాసేపు చూశారు. తరువాత, “గుమ్మం పక్కన ఓ పీట వెయ్యి. వదిన పిలిచేటప్పుడు అక్కడ పీట వేసి ఉండేది, తలుపు సందులోంచి కనపడేది,” అన్నారు.

రెబెకా గారు పీట వేశారు. పదిహేను నిమిషాలు. ఆ పూట టీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నలభై రెండు ఇళ్ళ బొమ్మలూ నా షాపులో అచ్చయ్యి ఎవరివి వాళ్ళకి చేరాయి. ఎలీసమ్మ గారికి చూపు దాదాపు పోయింది. అయినా రెబెకా గారు ఆదివారం బస్సెక్కుతూనే ఉన్నారు. మిషను ఆ రేకుల ఇంట్లోనే ఉంచేశారు. ఆవిడ మౌసు తిప్పుతూ ఎక్కడున్నారో చెప్తారు, ఎలీసమ్మ గారు కళ్ళు మూసుకుని వింటారు.

“నుయ్యి దాటేమత్తా.”

“ఆయ్. అడుగు జాగర్త, అక్కడ పాచి ఉంటాది.”