ఖర్కాయిలో బురద లేచిన రోజు

మా చిన్నప్పుడు... మేముండే హిందీ ఊళ్ళో, సోనారి దగ్గర ఖర్కాయి నదిలో మోకాళ్ళ లోతుకి దిగి రాళ్ళు తిరగేసేవాళ్ళం. రాయి కింద ఏ పురుగులున్నాయో చూస్తే నది ఆరోగ్యం తెలిసిపోతుందని మా సైన్సు సారు చెప్పేవారు. వలలెక్కడివి మాకు... ఇంట్లో చెప్పకుండా తెచ్చిన టీ వడపోత, ఓ తెల్ల పింగాణీ పళ్ళెం, అంతే!

ఆ రోజు నేనూ, మా పక్కింటి పద్మా ఒక జట్టు. ఇద్దరికీ ఈత రాదు. అయినా మంచి పురుగులన్నీ నది మధ్య బండ దగ్గరే ఉంటాయని, సారు చూడకుండా అక్కడికి పోయాం.

పళ్ళెంలో నీళ్ళు తేటగా ఉంటేనే పురుగు కనబడేది. ఉన్నట్టుండి ఎర్రటి బురద... పారబోసి మళ్ళీ ముంచాను. మళ్ళీ బురదే.

"ఏటే, కాళ్ళాడిత్తన్నావేటి? కదలకుండా ఉండు!" అని పద్మని కసిరాను.

"నానేటీ కదపనేదు. నువ్వే కెలుకుతన్నావు!"

ఇద్దరం బిగుసుకుని నిలబడ్డాం. అయినా బురదే. అప్పుడు చూసుకున్నాను... నీళ్ళు తొడల దాకా వచ్చేశాయి. పైన ఎక్కడో వాన పడి నది పెరుగుతోంది. మేమేమో ఒకరినొకరు తిట్టుకుంటున్నాం!

ఎలాగో బండ ఎక్కాం. పద్మ నా చెయ్యి వదలడం లేదు. "నన్నొగ్గీయకే..." అంటోంది.

"హిల్నా మత్!" కదలొద్దని ఒడ్డు నుంచి సారు అరుపు. లోతు కొలిచే తాడు నడుముకి కట్టుకుని, రెండో కొస మగపిల్లలకిచ్చి నీళ్ళలో దిగారు. ముందు పద్మని తీసుకెళ్ళారు. నేనొక్కదాన్నే మిగిలాను... నీళ్ళు బండ మీదికి వచ్చి పాదాలు తడుపుతున్నాయి. సారు మళ్ళీ వస్తారా రారా అని ఏడవడం కూడా మర్చిపోయాను.

వచ్చారు.

ఒడ్డు మీద పద్మ, పళ్ళు టకటకలాడుతుంటే, మొదట అన్న మాట... "సూసినావా, నాను కెలకనేదు!"

ఇంటికెళ్ళాక అమ్మ వీపు మీద నాలుగేసింది. ఆ తర్వాత నన్ను పట్టుకుని తనే ఏడ్చింది. అయినా నీళ్ళు తగ్గాక, సారు మళ్ళీ పిలిస్తే పంపింది.

ఇప్పుడు మా అబ్బాయి నది పురుగులన్నిటినీ క్లాసులో తెర మీదే చూస్తున్నాడు. మొన్న వాళ్ళ టీచరు నిజంగానే నదికి తీసుకెళ్తామంటే నేనే వద్దన్నాను. "సబ్ జా రహే హై, మమ్మీ!" అందరూ వెళ్తున్నారని వాడు అలిగి అన్నం తినలేదు.

అంత ఏడ్చి కూడా నన్ను మళ్ళీ పంపడానికి మా అమ్మకి అంత ధైర్యం ఎక్కడిదో... నాకెందుకు రాలేదో... మీరైతే పంపేవారా?