తామర పువ్వుకు తలంటిన కథ

పాత నాణేలు కొనే అంగడాయన భూతద్దం పక్కన పెట్టి, "ఏమ్మా, దీన్ని దేంతో తోమినావు?" అన్నాడు.

"చింతపండుతో. కాస్త ఉప్పు కూడా," అన్నాను, మెచ్చుకుంటాడేమోనన్న ఆశ ఇంకా చావక.

"పీచు?"

"కొబ్బరి పీచే."

"సున్నిపిండి ఒగటి మర్చిపోయినావు."

అది తామర పువ్వున్న ఇత్తడి రంగు ఇరవై పైసల నాణెం. పువ్వు లక్ష్మీదేవిది కాబట్టి మా అత్తమ్మ అలాంటివి నూటెనిమిది పోగుచేసి, శుక్రవారం పూట ఒక్కొక్కటే అమ్మవారి ముందు పెట్టి కుంకుమతో పూజ చేస్తుంది. అలాంటి నాణెం ఒక్కటే లక్షలు పలుకుతుందని ఫోనులో ఎవరో చెప్పారు. నేను డిగ్రీ చదివినదాన్ని, నమ్మేశాను. ఇంకా చిన్న బడిలోనే ఉన్న పిల్లలిద్దరి కాలేజీ ఫీజులు ఆ రాత్రే కట్టేశాను, మనసులో. పొద్దున్నే ఒక నాణెం తీసి, పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు తోమి, రేణిగుంట నుంచి తిరుపతి బస్సెక్కాను.

"ఇట్లాంటివి దండిగా ఉండాయమ్మా. ఆ డబ్బా సూడు, నిండుగా ఇవే. మురికితోనే తెచ్చింటే నలభై రూపాయలిచ్చింటా."

"ఇప్పుడు?"

"ఇరవై పైసలు. అదీ చెల్లదు."

"ఫోనులో లక్షలన్నారే!"

"అయితే ఫోనుకే అమ్ముకో పో."

ఆ డబ్బాలోంచి మురికిదొకటి కొనుక్కొచ్చి అత్తమ్మ నాణేల్లో కలిపేస్తే సరిపోయేదన్న తెలివి నాకు రేణిగుంటలో బస్సు దిగాక వచ్చింది. నా తెలివి ఎప్పుడూ తర్వాతి బస్సులోనే వస్తుంది.

మర్నాడు శుక్రవారం. అత్తమ్మ వరసగా నాణేలు పెడుతూ పెడుతూ ఆగింది.

"ఏమ్మే, ఈమె ఎవరు? పోయిన వారం మన ఇంట్లో లేదే!"

"మురికిగా ఉందని తోమాను, అత్తమ్మా."

"మురికా? ముప్పై ఏండ్ల కుంకుమ మే అది!"

ఆమె బొటనవేలితో ఆ పువ్వు రేకులు తడుముతూ కూర్చుంది. చూడలేక, అమ్మడానికి తీసుకుపోయిన సంగతి కూడా కక్కేశాను.

"ఎంతిస్తామన్నారు?"

"ఇరవై పైసలు."

అప్పుడు నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పింది: "ఇంక ప్రతి శుక్రవారం దీనికి నువ్వే కుంకుమ పెట్టు. తక్కినవాట్లో కలిసిపోయేదాకా నీదే పూచీ."

శనివారం పొద్దున స్నానాల వేళ పిల్లలకు అంతా చెప్పాను. "అది మళ్లీ ఎప్పటికి పాతదవుతుందమ్మా?" అంది పెద్దది.

"నేను ముసలిదాన్నయ్యేలోపు," అన్నాను. తర్వాత తడి చేత్తోనే ప్రమాణం చేశాను: "ఈ ఇంట్లో ఇక మీ వీపులు తప్ప ఇంకేదీ రుద్దను."