రాయి కోసిందంటే నమ్మలేదు

ఎనభైల మొదట్లో నేను జహీరాబాద్‌లో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. తీరిక దొరికితే బలపపు రాయిని ఉలితో చెక్కి పిట్టలు, ఎడ్లు చేసేదాన్ని. ఎవరూ నేర్పలేదు. చెక్కుతుంటే మనసు నిమ్మళంగా ఉండేది, అంతే.

మా పక్కింటాయన సౌదీలో డ్రైవరు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు కొబ్బరికాయంత నల్లరాయి తెచ్చిచ్చాడు.

"టీచరమ్మా, అగ్గికొండ కరిగి పారి గిట్ల గాజయితదంట. మీరు చెక్కుతరని తెచ్చిన" అన్నాడు.

అద్దంలా నా ముఖం కనిపించింది అందులో.

వేసవి సెలవులు. మరునాడు మా ఆయన తాలూకా ఆఫీసుకు పోగానే వసారాలో కూర్చుని, బలపపు రాయికి అలవాటైన చేత్తో ఉలి పెట్టి కొట్టాను. టింగుమని ఓ పెచ్చు లేచిపోయింది. నొప్పేమీ లేదు. రాయి మీద ఎర్రగా ఏదో కారుతుంటే ఎక్కడిదా అని వెతుక్కున్నాను. రాయిని పట్టుకున్న ఎడమ చేతి మణికట్టు తెగి ఉంది.

నా కేక విని పక్కింటాయన పరుగున వచ్చి, రుమాలు గట్టిగా చుట్టి, రిక్షాలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు కుట్లు వేస్తూ వేస్తూ ఆగిపోయాడు.

"బ్లేడు ఏడుందమ్మా?"

"బ్లేడు కాదు సార్, రాయి కోసింది."

"రాయి తాకితే చర్మం నలుగుతది. ఇది సాఫుగ తెగింది. నిజం చెప్పు, లేకుంటే పోలీసులకు చెప్పాల్సొస్తది."

నేను చావబోయానని ఆయన అంటున్నాడని అర్థం కావడానికే కొంతసేపు పట్టింది. పక్కింటాయన "జర ఆగున్రి సాబ్, ఆ రాయే తెస్త" అని ఇంటికి పరుగెత్తాడు.

అంతలో కబురంది మా ఆయన వచ్చాడు. డాక్టరు చెప్పింది విని, ఒక్క ప్రశ్నైనా వేయకుండా మంచం పక్కన కూలబడ్డాడు.

"అమ్మ మాటలకేనా గిట్ల జేసుకున్నవు? ఆమె అనేటియి అన్నీ వింటుంటి. నోరు తెరువకపోతి."

మా అత్తమ్మ రాయికోడ్ నుంచి వచ్చినప్పుడల్లా, పెళ్లయి ఏడేళ్లయినా కడుపు పండలేదని వంటింట్లో సాధించేది. ఆయన చెవిన పడడం లేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఈ మనిషి అన్నీ విన్నాడు. నేను చావాలనుకుంటానని కూడా నమ్మగలిగాడు. తెగిన చేయి కంటే అదే నన్ను ఎక్కువ వణికించింది.

పక్కింటాయన రాయితో వచ్చాడు. దవాఖాన వరండాలో అందరినీ దూరం జరగమని, ఓ కంకరరాయితో దాన్ని కొట్టాడు. పలుచటి పెచ్చొకటి ఊడింది. డాక్టరు దాన్ని గుడ్డతో పట్టుకుని తన ముంజేతి మీద మెల్లగా గీశాడు. వెంట్రుకలన్నీ రాలిపోయాయి, చర్మం నున్నగా బయటపడింది. ఆయన మొహం తెల్లబోయింది.

"యా అల్లా! దీన్ని బట్టల పెట్టెల పెట్టుకోని తెచ్చిననా!" అంటూ పక్కింటాయన నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను, "అన్నీ విన్నరు గదా, ఒక్కనాడన్న ఎందుకు అడ్డుపడలే?"

"భయమాయె" అన్నాడు. నేను ఏడ్చాను. వారం తర్వాత ఒక్కడే రాయికోడ్ పోయొచ్చాడు. తల్లితో ఏం మాట్లాడాడో చెప్పలేదు గానీ, ఆమె మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

రాయిని పారేయమంటాడనుకున్నాను. హైవే మీద లారీలు బాగుచేసే షెడ్డు నుంచి వెల్డింగు కళ్లద్దాలు, తోలు గ్లౌజులు తెచ్చి నా ముందు పెట్టాడు. ఉలి మానేసి, నీళ్లు పోస్తూ సానరాయి మీద అరగదీయడం మొదలుపెట్టాను. ఏడాది పట్టింది, ఓ కొంగ తయారవడానికి.

అది పూర్తయిన రోజు ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వంటింట్లో ఉన్న నన్ను గట్టిగా పిలిచాడు. భయపడి పరుగెత్తాను. ఎండ పడ్డ రెక్క అంచు పల్చటి తేనీరు రంగులో మెరుస్తోంది.

"ఇది నలుపే కాదు గదనే!" అన్నాడు, నమ్మలేనట్టు.