అత్త చెప్పిన అర్థాలు

మొన్న కావలి సంతలో ఎండు నెత్తళ్ళ చేపల గంప పక్కగా పోతుంటే, ఉప్పూ ఎండా కలిసిన ఆ వాసనకి నా కాళ్ళు ఆగిపోయినాయి. అల్లూరుకి తూర్పున, సముద్రం ఒడ్డున మా పల్లెలో, నేను ఐదో తరగతి చదివే రోజుల్లో, ఇసకదిబ్బ మీద చేపలారబోసి, కాకుల్ని తోలుకుంటా, అడిగిన ప్రతి మాటకీ అర్థం చెప్పే మా మేనత్త కోటమ్మ కళ్ళ ముందు నిలబడింది.

అత్తకి అక్షరమ్ముక్క రాదు. అర్థాలు మాత్రం నాలిక చివరే ఉండేవి. చుట్టమంటే, పులుసు దించే వేళ కనిపెట్టి వచ్చేవాడు. పెద్దమనిషంటే, తనింట్లో తగువు వదిలేసి మనింటి తగువు తీర్చేవాడు. ఓటంటే, మన పేరు కూడా తెలియనివాడి చేత 'అమ్మా' అనిపించేది. నేను నవ్వుకుంటా అవన్నీ నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసుకునేదాన్ని.

బడి తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరుగారు నా పుస్తకాన్ని వెనకనించి తెరిచినారు. గొంతు పెంచి చదివినారు.

"అయ్యవారంటే, పిల్లకాయల్ని నిద్రపోనీకుండా తాను నిద్రపోయేవాడు."

ఒక్కరూ నవ్వలేదు. అయ్యవారి మొహం గోడకేసిన కొత్త సున్నంలా పాలిపోయింది. ఆయన ఉద్యోగం ఊడుతుందనీ, తరగతిలో ఒక్కగానొక్క ఆడపిల్లనైన నా చదువు అంతటితో సరేననీ నాకు భయం పట్టుకుంది.

కబురందుకుని, చేతులకి పొలుసులతోనే వచ్చింది అత్త.

"మాటలు నావయ్యా. రాత బిడ్డది. దాన్నేమీ అనబాకండి" అనింది.

"అయితే అయ్యవారు నిద్రపోవడం నువ్వు చూసినావా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

మా ఇసకదిబ్బ బడి కిటికీకి ఎదురుగానే ఉండేది. అయ్యవారి గురక అత్తకి రోజూ వినపడేది. ఆ సంగతి అయ్యవారికీ తెలుసు. తల వంచుకుని నిలబడినారు.

"లేదయ్యా" అనింది ఎవర్నీ వదలని మా అత్త. "నవ్వులాటకి అన్న మాటది."

ఇన్‌స్పెక్టరుగారు అయ్యవారి వైపు తిరిగినారు. "మరి ఈ పిల్లనేం చేద్దామంటారు?"

అయ్యవారు పుస్తకం అందుకుని, ఆ పేజీలన్నీ మెల్లిగా చదివి, "ఒక్క అక్షరదోషం లేదండీ. చదువుకోనివ్వండి" అన్నారు.

ఇంటికి పోయేదారిలో అత్త చెయ్యి పట్టుకుని అడిగినాను.

"అత్తా, అబద్ధమంటే ఏంది?"

"నోరు మూసుకుని నడువు మే" అనింది. అడిగిన మాటకి అర్థం చెప్పకపోవడం అదే మొదలు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. దిబ్బలు తవ్వి రొయ్యల గుంటలు చేసినారు. పోయినేడు నా మనవరాలికి బడి చూపిద్దామని పోతే ఆనవాలు కూడా దొరకలేదు. మోటార్ల హోరులో గట్టు మీద కాసేపు నిలబడి, ఇక్కడేనని ఒక నీళ్ళ మడుగు చూపించి వచ్చేసినాను.