పథ్యం బ్రెడ్డు

కరోనా తగ్గిన మరుసటి ఏడు. అనంతపురంలో పిల్లల వార్డులో నర్సుగా ఉన్నాను. గోరంట్ల దగ్గరి పల్లె నుంచి పరుపులు కుట్టే మాబు, అతని భార్య ఫాతిమా నాలుగేళ్ల కూతురు షమీమ్‌ను ఎత్తుకొచ్చారు. పొట్ట ఉబ్బింది, పాదాలకు నీరు పట్టింది, చేతులు పుల్లల్లా ఉన్నాయి, విరేచనాలు ఆగడం లేదు.

“ఏం పెడతాండావు బిడ్డకి?” అన్నాను.

“దినామూ గుడ్డు పెడతాండా మేడం. సంగటి మాత్రం మాన్పిచ్చినా. బేదులయ్యే బిడ్డకి సంగటి యాడ అరుగుతాది? గోరంట్ల నుంచి బ్రెడ్డు తెప్పిచ్చి పాలల్లో నానబెట్టి ఇస్తాండా,” అంది ఫాతిమా.

మా సీమలో అంతే. ఒళ్ళు బాగుంటే రాగి సంగటి, మంచాన పడితే బ్రెడ్డు. చూడడానికొచ్చే చుట్టాలు తెచ్చేదీ బ్రెడ్డు ప్యాకెట్టే. ఆస్పత్రి పథ్యమూ అదే.

మా దగ్గరా రోజూ గుడ్డూ, ఆ పథ్యం బ్రెడ్డూ తిన్నది, బరువు మాత్రం పెరగలేదు. డాక్టరుకు అనుమానం వచ్చి రక్తపరీక్ష చేయించి, ఎండోస్కోపీకి బెంగళూరు పంపారు. సీలియాక్ జబ్బని తేలింది.

గుడ్డులోని ప్రొటీన్ కడుపులోనూ పేగులోనూ ముక్కలై అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్లుగా మారుతుంది. వాటిని లోపలికి లాక్కునేది చిన్నపేగు గోడ. దాని మీద టవలు నూగులాంటి సన్నటి మొలకలుంటాయి, విల్లై అంటాం. ఈ జబ్బున్నవాళ్ళకు గోధుమ పడదు. తిన్నకొద్దీ ఆ మొలకలు చదునైపోతాయి, గుడ్డు అరిగినా ఒంటికి పట్టదు. రాగులతో ఆ బాధ లేదు. బ్రెడ్డంతా గోధుమే.

మాబు అంతా విన్నాడు. “అంటే దూది అణిగిపోయిన పరుపు మాదిరా మేడం? మళ్ళీ ఏకి పొంగిచ్చేకి కాదా?”

“గోధుమ ఆపితే అదే పొంగుతాది మాబూ. కానీ శానా దినాలు పడతాది.”

అన్ని దినాలు షమీమ్‌కు దక్కలేదు. సత్తువ లేని ఒంటికి న్యుమోనియా పట్టుకుంది. చిటికెడు సంగటి నోట్లో పెట్టించుకుని “ఇంగా పెట్టుమా” అని అడిగిన మరునాడే పోయింది.

ఫాతిమా ఏడవలేదు. “మేము సంగటి తిని, బిడ్డకి మాత్రం కొనుక్కొచ్చి పెట్టినాం మేడం. ఇంట్లో కుండలో ఉన్నిందే పెట్టింటే బతికుండునా?” అంది.

బతికేదేమో. ఆ మాట ఏ తల్లితో అనగలం? ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు బేదులు ఆగని బిడ్డ వస్తే, ఏం మాన్పించావని, దాని బదులు ఏం పెడుతున్నావని తల్లిని ముందు అడుగుతాను. షమీమ్ నాకు నేర్పింది అదొక్కటే. వార్డుకు అదీ నేర్పలేదు. షమీమ్ పడుకున్న మంచం మీద దుప్పటి మార్చి ఇంకో బిడ్డను పడుకోబెట్టిన పొద్దున, తిండి బండి ఎప్పటిలాగే వచ్చి పక్కన ఆగింది. పాలు, బ్రెడ్డు.